మే నెలలో కొలాబ్ జలాశయంలో చేప ఎక్కడుంటుంది

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇదీ. విజయనగరం నుంచి ఉద్యోగం మీద ఒడిశాలోని కోరాపుట్ జిల్లా సునాబెడ వచ్చారు. డిసెంబరు, జనవరి నెలల్లో కొలాబ్ గట్టున ఒక లోతైన చోట కూర్చుంటే శీలావతి, మోసు చేపలు బాగానే పడ్డాయి. ఏప్రిల్ సగం నుంచి అదే చోట, అదే ఎరతో పొద్దున్న పదింటి నుంచి మూడింటి దాకా కూర్చుంటున్నా బెండు కదలడం లేదు. ఎండకు చేప చల్లదనం కోసం అడుక్కి దిగిపోయి ఉంటుందని ఇంకా లోతుకు వేశారు, అదీ పని చేయలేదు. రాడ్ మార్చాలా, ఎర మార్చాలా అన్నారు. చివర్లో లైన్ మందం గురించి కూడా అడిగారు.

రాడ్ అలాగే ఉంచండి. ఎర సంగతి తర్వాత చూద్దాం. ముందు మారాల్సినవి లోతు, చోటు, వేళ. ఈ మూడింటిలో లోతు దగ్గరే చాలామంది వేసవి మొత్తం పోగొట్టుకుంటారు, అందుకని దాని గురించి కాస్త వివరంగా చెప్తాను.

మే నెలలో కొలాబ్‌లో ఎప్పుడైనా మెడ లోతు నీళ్లలో నిలబడ్డారా? ఛాతీ దగ్గర గోరువెచ్చగా ఉంటుంది, కాళ్ల దగ్గర చల్లగా తగులుతుంది. ఎండకు పైనీరు వేడెక్కి తేలికవుతుంది. కిందినీరు చల్లగా, బరువుగా అలాగే ఉండిపోతుంది. ఇంకా లోతుకు వెళ్తే ఈ రెండూ ఒకదానితో ఒకటి కలవవు. గాలి కొట్టినప్పుడు కలిసేది పైపొర ఒక్కటే. చేపకు కావలసిన ఆక్సిజన్ నీటిలోకి వచ్చేది రెండు దారుల్లో: పైనున్న గాలి నుంచి, ఎండ పడే మేర నాచు తయారు చేసేదాని నుంచి. కింది పొరకు ఈ రెండూ అందవు. పైగా అడుగున మునిగిన మొక్కలు, ఆకులు, బురద కుళ్లుతూ ఉన్న కాస్త ఆక్సిజన్‌నీ వాడేసుకుంటాయి. వారాల తరబడి ఎండ కాసి, గాలి లేకపోతే కింది పొర చల్లగానే ఉంటుంది, కానీ అక్కడ చేపకు ఊపిరాడదు.

మీరు లోతు పెంచుకుంటూ పోయింది ఆ పొరలోకే. శీలావతి అక్కడికి వెళ్లదు. వెళ్లినా మేయదు.

మరి డిసెంబరులో అదే చోట ఎందుకు పడింది? చలికాలంలో ఈ కొండల మీద రాత్రుళ్లు ఎంత చల్లబడతాయో చూశారుగా. పైనీరు చల్లారి, బరువెక్కి కిందికి దిగుతుంది, కిందిది పైకి వస్తుంది. నీరంతా ఒకటై ఆక్సిజన్ అడుగు దాకా చేరుతుంది. అప్పుడు చేప ఏ లోతునైనా ఉండగలదు. గాలి తగలని లోతైన చోటు దానికి సుఖంగా కూడా ఉంటుంది. మీరు నమ్మకం పెట్టుకున్న చోటు చెడ్డది కాదు, అది చలికాలపు చోటు, అంతే. అక్టోబరు దాటాక మళ్లీ వెళ్లండి.

కొన్ని అంకెలు చెప్తే ఇంకా తేలిగ్గా అర్థమవుతుంది. సముద్రమట్టం దగ్గర 20 డిగ్రీల నీరు లీటరుకు సుమారు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ పట్టుకోగలదు. 30 డిగ్రీలకు అది 7.5కు పడిపోతుంది. కొలాబ్ నిండు మట్టం 858 మీటర్లు. అంత ఎత్తులో గాలి ఒత్తిడి తక్కువ కాబట్టి ఇంకో పదో వంతు తగ్గించుకోండి. బొచ్చె, శీలావతి, మోసు లాంటి చేపలు 5 మిల్లీగ్రాములు ఉంటే హాయిగా మేస్తాయి, 3 కంటే తగ్గితే ఎర ముఖం చూడవు. అంటే వేసవిలో పైపొరలో కూడా పెద్దగా మిగులు ఉండదు. అదే సమయంలో నీరు వేడెక్కిన కొద్దీ చేప ఒంట్లో జీవక్రియ వేగం పెరిగి దానికి ఆక్సిజన్ అవసరం పెరుగుతుంది. అందుకే వేసవిలో చేప ఎక్కడ పడితే అక్కడ ఉండలేదు. ఊపిరీ తిండీ రెండూ దొరికే కొద్దిపాటి చోట్లకే చేరుతుంది. ఆ చోట్లు తెలిస్తే చలికాలం కంటే వేసవే సులువు, ఎందుకంటే చేప చెదిరిపోకుండా ఒకచోట గుమిగూడి ఉంటుంది.

మీ గట్టు దగ్గర అడుగు ఎలా ఉందో తెలుసుకోవడానికి యంత్రాలేమీ అక్కర్లేదు. కొక్కెం లేకుండా కాస్త పెద్ద సీసం గుండు కట్టి విసరండి, అడుగు తగిలాక మెల్లగా ఈడ్చుకు రండి. గుండుకు అంటుకున్న బురద వాసన చూడండి. నల్లగా ఉండి కుళ్లిన గుడ్డు వాసన వేస్తే ఆ లోతులో ఎర వేయడం దండగ. గోధుమ రంగులోనో బూడిద రంగులోనో ఉండి మామూలు మట్టి వాసన వస్తే, చిన్న నత్త గుల్లలు గానీ పచ్చి నాచు పోగులు గానీ అంటుకుని వస్తే అక్కడ బతుకు ఉన్నట్టే. విసిరే దూరం తగ్గించుకుంటూ వస్తే వాసన ఎక్కడ ఆగిపోతుందో తెలుస్తుంది. ఆ హద్దుకు పైన, దానికి కాస్త దగ్గరగా ఎర ఉండాలి. నేను చూసినంతలో మే ఎండల్లో గాలి ఆడని ఇరుకు పాయల్లో మూడు నాలుగు మీటర్లు దాటితే ఏమీ ఉండదు. గాలి బాగా కొట్టే తెరిచిన గట్టున ఆరేడు మీటర్ల దాకా పనికొస్తుంది. దారానికి ఆపుడు ముడి వేసి జారే బెండు వాడితే లోతు మార్చడం నిమిషం పని.

ఇక చోటు. కొలాబ్‌లో నిండు మట్టం 858 అయితే కనీస మట్టం 844 మీటర్లు. అంటే ఏడాదిలో నీరు 14 మీటర్ల దాకా దిగవచ్చు. బరిణిపుట్ దగ్గర 320 మెగావాట్ల జలవిద్యుత్ కేంద్రానికి వెళ్లే నీరు ఇదే, జయపురం వైపు పొలాలకు పారేదీ ఇదే. ఏప్రిల్, మే నెలల్లో నీరు రోజురోజుకీ వెనక్కి పోతుంటుంది. వచ్చీ రాగానే నీటి అంచున ఒక పుల్ల గుచ్చండి, వెళ్లేటప్పుడు చూడండి. అంచు పుల్లను విడిచి వెనక్కి జరిగితే చేప కూడా లోపలికి జరుగుతున్నట్టే. నీరు దిగే రోజుల్లో అది చిన్న చిన్న పాయల్లో, మడుగుల్లో ఉండదు. దారి మూసుకుపోతుందేమో అన్నట్టు ముందే బయటికి వచ్చేస్తుంది, పాయ మూతి దగ్గర, పాత నది గాడి అంచున నిలుస్తుంది. పాత గాడి ఎక్కడుందో కొండల్ని చూస్తే తెలుస్తుంది. ఎదురెదురు వాలులు నీళ్లలోకి ఎలా దిగుతున్నాయో గమనించి, అవి కలిసే గీత ఊహించుకోండి. మన కూనవరం దగ్గర గోదావరిలో కలిసే శబరికి ఇక్కడి పేరే కొలాబ్. ఈ జలాశయం అడుగున ఒకప్పుడు పారిన నది గాడి ఇంకా అలాగే ఉంది, చేపలకు అది రోడ్డు లాంటిది.

నా దృష్టిలో అన్నిటికంటే మంచి చోటు గెడ్డ, అంటే కొండవాగు, వచ్చి కలిసే చోటు. సెమిలిగుడ, నందపురం వైపు కొండల నుంచి దిగే గెడ్డలు కొన్ని మేలో కూడా సన్నగా పారుతూనే ఉంటాయి. రాళ్ల మీద దూకుతూ వచ్చిన నీటిలో ఆక్సిజన్ నిండుగా ఉంటుంది, పైగా చల్లగానూ ఉంటుంది. మీరు వెతుకుతున్న చల్లదనం ఊపిరితో కలిసి దొరికేది ఇక్కడే. అయితే చాలామంది గెడ్డ మూతిలోనే గాలం వేస్తారు. చల్లని గెడ్డ నీరు బరువుగా ఉంటుంది కదా, జలాశయంలోకి రాగానే పైన పరుచుకోదు, కిందికి దిగి అడుగు వెంబడే గాడిలో పాకుతూ కొంత దూరం పోతుంది. తనంత చల్లదనం ఉన్న పొర తగిలాక అక్కడ ఆగి పక్కలకు విచ్చుకుంటుంది. అందుకని మూతి నుంచి ఇరవై ముప్పై అడుగులు లోపలికి, అడుగుకు జానెడు పైన ఎర ఉండాలి. ఆ నీటి దారిలో చేయి పెట్టి చూస్తే మీకే తెలుస్తుంది.

రెండోది గాలి తగిలే గట్టు. మనిషి సహజంగా గాలి తగలని వైపు, చెట్టు నీడ చూసుకుని కూర్చుంటాడు. చేపకు కావలసింది దానికి సరిగ్గా ఎదుటి గట్టు. అలలు వచ్చి కొట్టుకునే గట్టున నీటిలోకి గాలి కలుస్తుంది. పైన తేలే సన్న నాచు, కంటికి ఆనని పురుగు అంతా గాలికి కొట్టుకొచ్చి అక్కడే చేరుతుంది. దాన్ని తినడానికి చిన్న చేప, దాని వెనకాల పెద్ద చేప వస్తాయి. బొచ్చె పైపైనే నోరు తెరుచుకుని తిరుగుతుంది కాబట్టి దానికి బెండు కింద మీటరు, మీటరున్నర చాలు. రెండు మూడు గంటలుగా ఒకే వైపు గాలి కొడుతుంటే ఆ గట్టు వదలొద్దు. విసరడం కష్టమే, దారం అలకు పక్కకు లాగుతుంది, కాస్త బరువైన బెండు వాడండి.

ఇక్కడ ఒక జాగ్రత్త గట్టిగా చెప్పాలి. నీరు వెనక్కి పోయిన చోట పైన ఎండి, పగుళ్లిచ్చి నేలలా కనిపించే బురద లోపల మెత్తగా ఉంటుంది. పశువులు కూరుకుపోయేది అందులోనే. ముందు కర్రతో గుచ్చి చూడకుండా అడుగు వేయొద్దు, ఒక్కరే వెళ్లినప్పుడు అసలే వేయొద్దు. చేప తట్టుకుందని, దారం మొద్దుకు చిక్కిందని నీళ్లలోకి దిగొద్దు. బయటపడిన నేలలో ఊరివాళ్లు ఏదైనా సాగు చేసుకుంటుంటే దాని గట్టు మీదుగా నడవండి.

వేళ గురించి. ఇక్కడ మే నెలలో సూర్యోదయం అయిదుంపావు ప్రాంతంలో, అస్తమయం ఆరుంపావు దాటాక. జలాశయంలో నాలుగున్నరకల్లా గట్టున ఉంటే ఎనిమిదిన్నర వరకు మంచి కాలం. తర్వాత సాయంత్రం అయిదు నుంచి చీకటి పడేదాకా. రాత్రంతా పైనీరు కాస్త చల్లారి ఉంటుంది, వెలుగు తక్కువగా ఉన్నప్పుడు శీలావతి, మోసు లోతు తక్కువ గట్టు అంచులకు వచ్చి మేస్తాయి. మీరు కూర్చునే పది నుంచి మూడు మధ్యలో అవి లోపల, మధ్య లోతులో కదలకుండా నిలబడి ఉంటాయి. ఆ వేళ మీకూ మంచిది కాదు. కొండ మీద గాలి చల్లగా ఉన్నట్టు అనిపిస్తుంది గానీ నీటి మీది ఎండ తల మాడ్చేస్తుంది.

అయితే ఈ వేళల లెక్క పెద్ద జలాశయానికే. జయపురం జగన్నాథ సాగర్ లాంటి ఊరి చెరువుల్లో, పచ్చ నీళ్లున్న చిన్న కుంటల్లో ఇది తలకిందులవుతుంది. అక్కడ నాచు, కలుపు పగలంతా ఆక్సిజన్ ఇస్తాయి, రాత్రంతా అవే ఆక్సిజన్ తీసుకుంటాయి. తెల్లవారుజాముకు నీటిలో ఊపిరి అడుగంటుతుంది. మబ్బు పట్టి గాలి లేని రాత్రి తర్వాత పొద్దున్నే వెళ్తే చేపలు గుంపుగా పైకి తేలి నోళ్లు తెరిచి కనిపిస్తాయి. అది ఆకలి కాదు. ఆ గంటలో ఎర వేసినా ముట్టవు. చూస్తూ నిలబడకుండా చెరువు పాట తీసుకున్నవాళ్లకు వెంటనే కబురు చెప్పండి. పంపు పెట్టి నీళ్లు పైకి చిమ్మితే చెరువు బతుకుతుంది, వాళ్ల ఏడాది కష్టం దక్కుతుంది. ఇలాంటి చెరువుల్లో వేసవి గాలానికి ఎనిమిదిన్నర తొమ్మిది నుంచి పదకొండు వరకు, మళ్లీ సాయంత్రం నాలుగు తర్వాత బాగుంటుంది.

డ్యూటీల వల్ల మధ్యాహ్నం తప్ప వీలు కాదంటే కొర్రమీను కోసం వెళ్లండి. దాని సంగతి వేరు. అది నేరుగా పైకి వచ్చి గాలి పీల్చుకోగలదు, నీటిలో ఆక్సిజన్ ఎంత తగ్గినా దానికి పెద్ద లెక్క లేదు. మిగతా చేపలు నీరసపడిన వేడి నీళ్లలో అది చురుగ్గా తిరుగుతుంది. తామరాకుల సందుల్లో, తుంగ అంచుల్లో, అడుగు రెండడుగుల లోతులో ఉంటుంది. నిశ్శబ్దంగా నిలబడి చూస్తే కొంచెంసేపటికి ఒక్కోసారి నీరు గుళుక్కుమని చిన్న ఉంగరం లేస్తుంది. ఆ ఉంగరానికి రెండు మూడడుగుల అవతల రబ్బరు కప్ప వేసి ఆకుల మీదుగా మెల్లగా లాక్కురండి. కొట్టిన వెంటనే గుంజొద్దు, ఒకటి రెండు అంకెలు లెక్కపెట్టి అప్పుడు లాగండి. బతికిన కప్పను గుచ్చొద్దు. బావురు కప్పకు వన్యప్రాణి చట్టం రక్షణ ఉంది, పైగా రబ్బరు కప్పకు పడని కొర్రమీను బతికిన కప్పకూ పడదు. ఇంకో మాట, తొలివానలు పడ్డాక నీటి మీద ఎర్రటి చిన్న పిల్లల గుంపు ఒకటి ముద్దగా కదులుతూ కనిపిస్తే దాని కిందే తల్లీ తండ్రీ కాపలా ఉంటాయి. ఏది పడినా మీద పడతాయి, అందుకే పట్టడం తేలిక. దయచేసి వాటిని వదిలేయండి. కాపలా పోతే ఆ పిల్లలన్నీ గంటలో మిగతా చేపల పాలవుతాయి.

వాలుగ, జెల్లలు రాత్రి తిరిగే జాతి. వేసవి రాత్రుళ్లు గెడ్డ మూతుల దగ్గర ఎర్రలకో (వానపాములకో) చిన్న చేప ముక్కకో బాగా పడతాయి. ఇద్దరు ముగ్గురు కలిసి, మంచి టార్చి ఉంటేనే రాత్రి కూర్చోండి. పనస పండే రోజుల్లో ఎలుగుబంట్లు ఊళ్ల దాకా వస్తుంటాయి.

ఇప్పుడు ఎర. చలికాలంలో మీరు వాడిన ముద్దే వాడొచ్చు, సైజు సగం చేయండి. వేడి నీళ్లలో చేప పెద్ద ముద్ద జోలికి పోదు. పెదవితో తాకి వదిలేస్తుంది. నాకు బాగా కుదిరింది చోడిపిండి (రాగిపిండి), వేపిన సెనగపిండి, మెత్తగా దంచిన వేరుసెనగ చెక్క సమానంగా కలిపిన ముద్ద. చోడిపిండి ఇక్కడ ఏ సంతలోనైనా మండియా పేరుతో దొరుకుతుంది. నీళ్లు కొంచెం కొంచెంగా పోసి చపాతీ పిండి కంటే మెత్తగా కలపండి. ఇక్కడివాళ్లు పులియబెట్టి తాగే లాండా చేసేవాళ్లు తెలిసి ఉంటే అడుగున మిగిలే పిప్పి గుప్పెడు అడిగి తెచ్చుకోండి, ఆ పులిసిన వాసనకు మోసులు, శీలావతులు వస్తాయి. ఎర్రచీమల గుడ్లు దొరికితే అంతకు మించింది లేదు. కోరాపుట్ సంతల్లో చీమల్ని పచ్చడి కోసం అమ్ముతారు, గుడ్లు కూడా వాటిలోనే ఉంటాయి. ముద్దలో కలిపి పైన నాలుగు గుడ్లు అద్దితే చాలు. ఎండకు ముద్ద రెండు గంటల్లో పుల్లబడి జారిపోతుంది, తడిగుడ్డలో చుట్టి నీడలో పెట్టండి, అవసరమైనంతే బయటికి తీయండి.

మేత చల్లడం విషయంలో వేసవిలో చేయి బిగపట్టాలి. చలికాలంలో బుట్టెడు వేసినా నడుస్తుంది. ఇప్పుడు తవుడు, చెక్క కలిపినది రెండు గుప్పెళ్లు, అది కూడా వెలుగు రాకముందే ఒక్కసారి. చేప తినని మేత అడుగున కుళ్లి ఉన్న ఆక్సిజన్‌ను కూడా తినేస్తుంది. మీ చోటును మీరే పాడు చేసుకున్నట్టవుతుంది. పొద్దున్నే నీటి మీద సన్న బుడగలు వరసగా లేచి ముందుకు పోతుంటే మోసులు అడుగు తవ్వుతున్నాయన్నమాట. బుడగల ముందు వేయండి, బుడగల మీద కాదు.

బెండు కూడా చలికాలం లాగా పూర్తిగా మునగదు. చాలాసార్లు పక్కకు ఒరగడమో, గింజంత పైకి లేవడమో, అంతే. సీసం ఇంకాస్త చేర్చి బెండు మొన మాత్రమే కనిపించేలా సరిచేసుకోండి. మీరు ‘కదలడం లేదు’ అన్న రోజుల్లో కొన్నిసార్లు కదిలే ఉంటుంది, బెండు మరీ తేలికగా కట్టి ఉండడంతో కనబడి ఉండదు.

మధ్యాహ్నాలు కాలవైశాఖి వానలు (ఉరుములతో వచ్చే వేసవి గాలివానలు) మొదలయ్యాక పరిస్థితి రోజుకో రకంగా మారుతుంది. వాన ముందు గాలి లేచినప్పుడు అరగంటసేపు చేప పిచ్చిగా మేస్తుంది, నిజమే. కానీ ఆ అరగంట కోసం గట్టున ఉండొద్దని నా మాటగా చెప్తున్నాను. పిడుగులు ఎక్కువగా పడే రాష్ట్రాల్లో ఒడిశా ఒకటి, 2015లోనే పిడుగును రాష్ట్ర విపత్తుగా ప్రకటించారు. తెరిచిన నీటి ఒడ్డున చేతిలో పొడుగాటి కార్బన్ రాడ్ పట్టుకుని నిలబడటం కంటే ప్రమాదం లేదు, కార్బన్‌లో కరెంటు పారుతుంది. ఫోన్‌లో దామిని యాప్ పెట్టుకోండి. పుణెలోని ఉష్ణమండల వాతావరణ సంస్థ తయారుచేసింది, మీ చుట్టూ 20, 40 కిలోమీటర్లలో పిడుగు హెచ్చరిక చూపిస్తుంది. ఉరుము వినిపించగానే రాడ్ కింద పడేసి పక్కా ఇంట్లోకో కారులోకో వెళ్లిపోండి, చెట్టు కిందికి కాదు. ఆఖరి ఉరుము తర్వాత అరగంట దాకా తిరిగి రావొద్దు.

వాన పడిన మర్నాడు పొద్దున్న గెడ్డ మూతుల దగ్గర ఎర్ర గుచ్చి చూడండి. కొండ మీద నుంచి పురుగులు, ఆక్సిజన్ రెండూ కలిసి కొట్టుకొచ్చి ఉంటాయి, ఎర్రనీళ్లు తేట నీళ్లతో కలిసే గీత వెంబడి మోసులు, జెల్లలు వరస కడతాయి. కానీ చాలా గట్టి గాలివాన పడితే కింది చెడ్డ పొర పైకి కలిసిపోయి ఒకటి రెండు రోజులు చేప నోరు తెరవదు. నీళ్లకు నల్లని ఛాయ, ఆ గుడ్డు వాసన వస్తే ఆ ఆదివారం ఇంట్లో ఉండండి.

జూన్‌లో రుతుపవనాలు దిగాక పెద్ద చేపలు గుడ్లతో గెడ్డలకు ఎదురెక్కుతాయి. బొచ్చె, శీలావతి, మోసు నిలవ నీళ్లలో గుడ్లు పెట్టవు, వాటికి పారే నీరు కావాలి. ఈ కారణంగానే జలాశయాల్లో ఏటా పిల్లలను తెచ్చి వదులుతారు. ఆ పిల్లలు ఇంత సులువుగా దొరకడానికి మొదటి అడుగు పడింది కూడా ఒడిశాలోనే. 1957 జూలై 10న అంగుల్‌లో హీరాలాల్ చౌధురి, కె.హెచ్. అలీకున్హి ఇంజెక్షన్ ఇచ్చి ఈ చేపల చేత గుడ్లు పెట్టించారు, దేశంలో ఇప్పుడు జాతీయ మత్స్య రైతుల దినం ఆ తేదీనే. కాబట్టి కడుపు ఉబ్బిన ఆడచేప పడితే తడి చేతులతో పట్టుకుని, నీళ్లలోనే కొక్కెం తీసి వదిలేయండి. గుడ్లు పెట్టే కాలంలో చేపలవేట నిషేధం ఉంటుంది, ఆ ఏటి తేదీలు కోరాపుట్ మత్స్యశాఖ ఆఫీసులో చెప్తారు. మిగతా రోజుల్లో కూడా ఆ గట్టు మత్స్యకార సంఘం వాళ్లను అడిగి కూర్చోండి. ఆ నీటి మీద బతికేది వాళ్లు. వాళ్ల వలల గుర్తులకు దూరంగా విసరండి, డ్యామ్ గోడ దగ్గరకు, నీరు లాగే చోటికి పోవద్దు. ఎవరైనా బ్లీచింగ్ పౌడరో మందుగుండో వాడుతుంటే సంఘానికి చెప్పండి, 1897 నాటి మత్స్య చట్టం నుంచీ అది నేరమే.

తినడానికి ఉంచుకునే చేపను పట్టగానే చంపి ఐసు పెట్టెలో పెట్టండి. నీళ్లలో వేలాడేసిన సంచిలో ఊపిరాడక చచ్చిన చేప మధ్యాహ్నానికే మెత్తబడుతుంది. జెల్ల, ఇంగిలాయి పడితే ముళ్లు చూసుకోండి. ఇంగిలాయి ముల్లులో విషం ఉంటుంది, గుచ్చుకుంటే చర్మం కాలకుండా ఓర్చుకోగలిగినంత వేడి నీళ్లలో అరగంట సేపు ముంచి ఉంచితే నొప్పి తగ్గుతుంది, వాపు పెరిగితే ఆసుపత్రికి వెళ్లాలి.

లైన్ మందం అడిగారు. మీ దగ్గరున్న 0.30 మిల్లీమీటర్ల నైలాన్ కొలాబ్ శీలావతికి సరిపోతుంది. మొద్దులు, రాళ్లు ఎక్కువున్న గట్టున 0.35 వేసుకోండి. అయితే మీరు డిసెంబరు నుంచి అదే దారం వాడుతున్నట్టున్నారు. ఎండ తగిలి నైలాన్ పెళుసెక్కుతుంది, పైకి ఏమీ కనిపించదు. కొసన రెండు మీటర్లు తీసి ముడి వేసి గట్టిగా లాగి చూడండి. పుటుక్కున తెగితే మొత్తం మార్చేయండి, తెగకపోతే ఆ రెండు మీటర్లు మాత్రం కోసేసి ఈ వేసవికి వాడుకోవచ్చు.